బైపీసీ క్లాసులో బీజగణితం

సావనీర్ కమిటీ తమ్ముళ్ళు ఫోన్ చేసి, "అన్నా, నువ్వు మందుల కంపెనీలల్లనే ముసలోడివైతున్నవ్, మన పటాన్‌చెరు పరిశ్రమల చరిత్ర రాసియ్యి" అన్నారు. సరేనన్నాను. తీరా కూర్చుంటే, ఆ చరిత్ర మనలో తెలియనిదెవరికి అనిపించింది. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ బాలానగర్‌లో ఫ్యాక్టరీ పెట్టడం, అక్కడ పని నేర్చినవాళ్ళు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టుకోవడం (1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టిన అంజిరెడ్డి గారు కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే), 1972లో ఇక్రిశాట్ రావడం, 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి గెలవడం, బొంబాయి రోడ్డు పొడుగునా షెడ్లు లేవడం. మన బడి గోడ మీద కూర్చుని ఇవన్నీ కళ్ళారా చూసినవాళ్ళమే మనం. అందుకని దాని పక్కనే నడిచిన ఇంకో చరిత్ర రాస్తున్నాను. దీనికి కారణం మన బడి చెల్లెలు ఒకామె.

నాకన్నా ఆరేళ్ళు చిన్న. పేరు వేయొద్దని మాట తీసుకుంది. ఇక్కడ పదో తరగతి అయ్యాక ఎంపీసీ, డిగ్రీ, ఎమ్మెస్సీ, ఆపైన అమూర్త బీజగణితంలో పీహెచ్‌డీ. ఇప్పుడు మన వైపే ఒక ఫార్మసీ కాలేజీలో లెక్కలు చెప్తుంది. పోయినేడు పూర్వ విద్యార్థుల సమావేశంలో భోజనాల దగ్గర ఒక కాగితం తీసి చూపించింది. ఆమె పరిశోధన పత్రాల జాబితా. పైసగం నియర్‌రింగ్స్ మీద. కిందిసగం అంతా వేరే: మొదటి సెమిస్టర్ ఫార్మసీ పిల్లలు లాగరిథమ్స్ దగ్గర ఎందుకు ఆగిపోతారు, డోసు లెక్కల్లో దశాంశ బిందువు ఎక్కడ తప్పుతారు, ఇట్లాంటివి. కాలేజీలో ఎవరో పెద్దాయన ఆ కాగితం చూసి, "ఈ రెండింటికీ సంబంధం ఏంది మేడం? ఏదో ఒకటే పెట్టుకోండి, బాగుంటది" అన్నాడట. "రెండు నిమిషాల్లో చెప్పమన్నరన్నా, నాకు నోట మాట రాలే" అంది.

నాకు జవాబు తెలుసు. ఒకసారి డబ్బు కట్టి నేర్చుకున్నాను కాబట్టి తెలుసు. కాకపోతే అది రెండు నిమిషాల్లో అయ్యేది కాదు.

ముందు ఆ రెండు జాబితాలూ ఏమిటో చూద్దాం. మామూలు సంఖ్యల్లో మూడుని ఏడూ ఐదుల మొత్తంతో గుణించినా, విడివిడిగా గుణించి కలిపినా ఒకటే వస్తుంది. ఎడమ నుంచి గుణించినా అంతే, కుడి నుంచి గుణించినా అంతే. ఈ నియమం ఒక వైపు నుంచే పనిచేసే లోకం ఒకటుంటే అందులో ఏమేం నిలబడతాయి, ఏమేం కూలిపోతాయి? దాన్ని పట్టుకుని కూర్చునేవాళ్ళు నియర్‌రింగ్ పరిశోధకులు. మన తెలుగు విశ్వవిద్యాలయాల్లో బీజగణితానికి మంచి వంశమే ఉంది. వాల్తేరులో ఎన్.వి. సుబ్రహ్మణ్యం గారు, కె.ఎల్.ఎన్. స్వామి గారు 1960లలోనే జర్మనీ పత్రిక 'మథెమాటిషె అన్నాలెన్'లో రాశారు. 1981లో యు.ఎం. స్వామి, జి.సి. రావు గార్లు 'ఆల్మోస్ట్ డిస్ట్రిబ్యూటివ్ లాటిస్' అనే కొత్త నిర్మాణాన్ని ప్రతిపాదిస్తే, దాని మీద ఈనాటికీ పత్రాలు వస్తూనే ఉన్నాయి. నాగార్జున విశ్వవిద్యాలయం నియర్‌రింగ్స్‌కి పుట్టిల్లు లాంటిది. వీటివల్ల కూడు గుడ్డ వస్తుందా అని అడిగితే ఆ పెద్దలు నవ్వి ఊరుకునేవారేమో.

ఇక రెండో జాబితా. మన దేశంలో ఫార్మసీ చదువు విశ్వవిద్యాలయంలోకి వచ్చింది 1932లో, కాశీలో, మహాదేవ లాల్ ష్రాఫ్ గారి పూనికతో. ఫార్మసీ చట్టం 1948లో వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ శాఖ 1951లో మొదలైంది. ఈ చదువుకి రెండు గుమ్మాలు: బైపీసీ వాళ్ళూ రావచ్చు, ఎంపీసీ వాళ్ళూ రావచ్చు. మన కాలంలో బైపీసీ తీసుకోవడానికి సగం మందికి కారణం లెక్కల భయమే కదా. పదో తరగతి ఆఖరి పరీక్ష రాసి బయటికొచ్చి, లెక్కల పుస్తకాన్ని సాకి చెరువులో పారేస్తానని ఒట్టు పెట్టుకున్న నా దోస్తు ఇప్పుడు మెడికల్ షాపు నడుపుతున్నాడు (చదివితే ఫోన్ చేస్తాడు, నాకు తెలుసు). అట్లా లెక్కల్ని వదిలించుకున్నామని సంబరపడి వచ్చిన పిల్లలకు ఫార్మసీ కౌన్సిల్ వారి 2014 నిబంధనల ప్రకారం మొదటి సెమిస్టర్‌లోనే 'రెమీడియల్ మ్యాథమెటిక్స్' ఎదురవుతుంది. వారానికి రెండు గంటలు. పార్షియల్ ఫ్రాక్షన్స్, లాగరిథమ్స్, మాత్రికలు, కలనం, అవకలన సమీకరణాలు, చివర లాప్లాస్ పరివర్తన. ఇంటర్ రెండేళ్ళలో చెప్పేదీ, ఇంజనీరింగ్‌లో చెప్పేదీ కలిపి ముప్పై గంటల్లో. ఎంపీసీ నుంచి వచ్చినవాళ్ళకు దీని బదులు రెమీడియల్ బయాలజీ ఉంటుంది. మళ్ళీ చివరి ఏడాదిలో బయోస్టాటిస్టిక్స్ వస్తుంది. అందులో ఆఖరి యూనిట్‌లో 'ఫ్యాక్టోరియల్ డిజైన్' అని రెండు మాటలుంటాయి. నా కథంతా ఆ రెండు మాటల్లోనే ఉంది.

చాలా ఏళ్ళ కిందట, మన బెల్టులోనే ఒక మాత్రల కంపెనీలో నేను ప్రొడక్షన్ చూసేవాణ్ణి. మాత్రల పొడి మెషీన్ పంచ్‌లకు అంటుకోకుండా మెగ్నీషియం స్టియరేట్ అనే జారుడు పొడి కొంచెం కలుపుతారు. అది ఎక్కువైతే, లేదా ఎక్కువసేపు కలిపితే, పొడి రేణువుల చుట్టూ పొరలా పట్టుకుని మాత్ర కడుపులో తొందరగా కరగదు. మేము మూడు విషయాలు పరీక్షించాలి: స్టియరేట్ ఎంత, ఎంతసేపు కలపాలి, మెషీన్ ఎంత బలంతో నొక్కాలి. ఒక్కొక్కటీ తక్కువ, ఎక్కువ. అన్ని రకాలుగా కలిపితే ఎనిమిది ట్రయల్స్. టైం లేదు, ముడిసరుకు ఖరీదు. ఒక పుస్తకంలో నాలుగే ట్రయల్స్ పట్టిక కనబడింది. తక్కువని 0 అని, ఎక్కువని 1 అని రాస్తే అది ఇలా ఉంటుంది:

0 0 0
0 1 1
1 0 1
1 1 0

ఏ రెండు నిలువు వరుసలు తీసుకున్నా 00, 01, 10, 11 నాలుగూ ఒక్కోసారి వస్తాయి. ఎంత ముచ్చటగా ఉందో చూడండి. నాలుగు ట్రయల్స్ చేశాం. అరగంటలో ఎంత శాతం మందు కరిగిందంటే, వరుసగా 92, 90, 91, 70 అనుకోండి, గుండ్రంగా చెప్తున్నాను. మూడో వరుస, అంటే నొక్కుడు బలం, చూశాం. తక్కువ బలం ఉన్న రెండింటి సగటు 81. ఎక్కువ బలం ఉన్న రెండింటి సగటు 90 పైన. "బలం పెంచితే బాగా కరుగుతోంది" అని రాసేశాను. గట్టిగా నొక్కితే బాగా కరగడమేమిటని ఒక పాత ఆపరేటర్ అడిగాడు కూడా. అంకెలు చెప్తున్నాయి కదా అన్నాను.

పెద్ద బ్యాచ్‌లో పంచ్‌లకు పొడి అంటుకుంది. స్టియరేట్ పెంచక తప్పలేదు. పెద్ద బ్లెండర్‌లో కలపడానికీ ఎక్కువసేపే పట్టింది. ఫరవాలేదు, బలం పెంచుదాం, సరిపోతుంది అనుకున్నాను. నా లెక్క ప్రకారం 79 దాటాలి. మాకు కావలసింది 75. వచ్చింది 70. బ్యాచ్ మొత్తం పోయింది. మూడు రోజులు ఇంటికి పోలేదు. సంజాయిషీ కాగితం నా పేరు మీదే వచ్చింది, రావలసిందే.

ఎక్కడ తప్పానో చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ పట్టికలో మూడో వరుస ఎలా వచ్చిందో గమనించండి: మొదటి రెంటి కూడిక. 0కి 1 కలిపితే 1. 1కి 1 కలిపితే 2 కాదు, 0. మన లెక్కల సారు ఎనిమిదిలో గడియారం లెక్క చెప్పేవారు గుర్తుందా? పది గంటలకు ఐదు గంటలు కలిపితే పదిహేను కాదురా, మూడు అని. ఇది రెండే గంటలున్న గడియారం. మూడో వరుస మొదటి రెంటి బిడ్డ కాబట్టి, స్టియరేటూ కలిపే సమయమూ రెండూ కలిసి చేసే చెడుపు ఏదైనా ఉంటే అది మూడో వరుస ఖాతాలో పడుతుంది. నొక్కుడు బలం అసలేమీ చేయలేదు. ఆ 70 అనేది మొదటి రెండూ ఎక్కువైన చోట వచ్చిన దెబ్బ. ఆ చోట బలం తక్కువగా ఉండటం పట్టిక నిర్మాణం వల్ల జరిగింది, అంతే. దీన్ని 'కన్‌ఫౌండింగ్' అంటారు. మన భాషలో కలగాపులగం. ఏది దేనితో కలుస్తుందో ముందే చెప్పగల విద్య ఒకటుంది. ఆ విద్య అమూర్త బీజగణితం.

దాని చరిత్ర కాస్త వింతైనది. 1832లో ఇరవై ఏళ్ళకే ద్వంద్వయుద్ధంలో చనిపోయిన ఫ్రెంచి కుర్రవాడు ఎవరిస్త్ గాల్వా. పరిమితమైన సంఖ్యలతోనే కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం నాలుగూ జరిగే చిన్న చిన్న లోకాలను అతను కనిపెట్టాడు. ఫీల్డులంటారు వాటిని. రెండు గంటల గడియారం ఒక ఫీల్డు, మూడు గంటలదీ ఫీల్డే. నాలుగు గంటల గడియారం మాత్రం కాదు, అందులో రెండుని రెండుతో గుణిస్తే సున్నా అయి కూర్చుంటుంది. అయినా నాలుగు మూలకాల ఫీల్డు వేరే పద్ధతిలో కట్టొచ్చని గాల్వా చూపించాడు. ఆరు మూలకాలతో ఎవరూ కట్టలేరు. నూరేళ్ళపాటు ఇదంతా గణితజ్ఞుల సొంత ఆనందం.

తర్వాత 1935లో ఫ్రీడ్రిక్ లెవీ అనే యూదు ఆచార్యుణ్ణి నాజీలు లైప్‌జిగ్‌లో ఉద్యోగంలోంచి తీసేశారు. ఆయన కలకత్తా విశ్వవిద్యాలయానికి వచ్చి గణిత శాఖకు పెద్ద అయ్యారు. ఆయన చెప్పిన కొత్త బీజగణితం విన్నవారిలో రాజ్‌చంద్ర బోస్ ఒకరు. బోస్ గారు మహలనోబిస్ పిలుపు మీద ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన జ్యామితి మనిషి. పొలాల్లో ఏ ఎరువు ఏ మడిలో వేయాలో తేల్చే చతురస్రాల సమస్యకు గాల్వా ఫీల్డులే తాళంచెవి అని 1938లో 'సాంఖ్య' పత్రికలో రాశారు. ఒక శరణార్థి తెచ్చిన శుద్ధ గణితం మూడేళ్ళలో పొలానికి చేరింది. ఇంగ్లండులో ప్రయోగాల రూపకల్పనకు శాస్త్రం కట్టిన ఫిషర్ 1942లో ఇంకో పత్రం రాశారు. ప్రయోగాల్లో కలగాపులగం సిద్ధాంతానికీ గ్రూపుల సిద్ధాంతానికీ ఉన్న సంబంధం మీద. నేను చేసిన తప్పు ఎందుకు తప్పో అందులో ఉంది, నేను పుట్టకముందే.

ఇక్కడే మనవాడొకడు వస్తాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు, సి.ఆర్. రావు. 1920లో హడగలిలో పుట్టారు. నాన్న పోలీసు ఇన్‌స్పెక్టర్, బదిలీల ఉద్యోగం. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం అంటూ ఊళ్ళు మారుతూ చదివారు. వాళ్ళమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, దీపం వెలిగించి చదువుకి కూర్చోబెట్టేదని ఆయనే రాసుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ మొదటి తరగతిలో పాసయ్యారు. సైన్యంలో గణితజ్ఞుడి ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే అది రాలేదు. ఆ ఊళ్ళోనే స్టాటిస్టిక్స్ అనే చదువొకటి ఉందని తెలిసి 1941లో ఆ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఆ ఉద్యోగం వచ్చుంటే ఏమయ్యేదో! ఆయన పేరు చెప్పగానే అందరూ 1945 నాటి క్రామర్-రావు అసమానతే తలుచుకుంటారు. మా షాప్‌ఫ్లోర్ మనుషులకు ముఖ్యమైంది 1947 పత్రం. 'ఆర్థోగనల్ అరేస్' అనే పట్టికల సిద్ధాంతం అందులో ఉంది. పైన నేను రాసిన నాలుగు గీతల పట్టిక వాటిలో అన్నిటికన్నా చిన్నది.

ఎనిమిది ట్రయల్స్ పట్టికలో ఏడు విషయాలు పరీక్షించొచ్చు. అన్ని రకాలూ చేస్తే 128 కావలసింది. మూడు మూడు స్థాయిల్లో నాలుగు విషయాలకు 81 బదులు తొమ్మిది చాలు. మూడు గంటల గడియారంతో వరుసలు కట్టుకుంటూ పోవడమే. 1954-55లో జపాన్ ఇంజనీరు టగూచి ఆ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి ఉన్నారు. తర్వాత ఈ పట్టికలు ఎల్8, ఎల్9 పేర్లతో ఫ్యాక్టరీలన్నిటికీ పాకాయి. పట్టికైతే పాకింది, దాని వెనకున్న గ్రూపు మాత్రం వెనకే ఉండిపోయింది. నాలాంటివాళ్ళు పుస్తకంలోంచి పట్టిక చింపుకుని వాడేశారు. మందుల రంగంలో ఐసీహెచ్ వారి క్యూ8 మార్గదర్శకం 2005లో వచ్చి, 2009లో విస్తరించాక, ప్రయోగాల రూపకల్పన అనేది దరఖాస్తుల్లో రోజువారీ మాట అయింది. ఇవాళ మన రోడ్డు మీద ఏ ఫార్ములేషన్ ల్యాబ్‌కి వెళ్ళినా కంప్యూటర్ బటన్ నొక్కితే పట్టిక ఇస్తుంది. బటన్ నొక్కేది ఎవరు? చాలాసార్లు, బైపీసీ చదివి, ముప్పై గంటల రెమీడియల్ లెక్కలతో బయటికొచ్చిన మన పిల్లలే.

ట్రయల్స్ తగ్గడమంటే ఖర్చు తగ్గడం ఒక్కటే కాదు మన ఊరికి. చెడిపోయిన ప్రతి ట్రయల్, కడిగిన ప్రతి పాత్ర ఎక్కడికి పోతుందో నక్కవాగు పక్క పొలాలున్నవాళ్ళకు నేను చెప్పాలా? 2007లో స్వీడన్ పరిశోధకులు రాసిన పత్రం ప్రపంచమంతా చదివింది. మన దగ్గర శుద్ధి చేసి వదిలే నీటిలోనే లీటరుకు 28 నుంచి 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని అందులో ఉంది. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. పట్టికలు వాడితే వాగు బాగుపడుతుందని నేననను, అది వేరే పెద్ద కథ. కానీ 128 చేయాల్సిన చోట ఎనిమిది చేసే విద్య మనకు అందరికన్నా ఎక్కువ అవసరమనైతే అంటాను.

చెల్లెలికి ఇదంతా చెప్పాను. నియర్‌రింగ్ వేరు, గాల్వా ఫీల్డు వేరు, ఆమె పత్రాలు నేరుగా మాత్రల్లోకి వస్తాయని కాదు. కానీ 1కి 1 కలిపితే 0 ఎందుకవ్వాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి ఫార్మసీ కాలేజీలో ఉండటం పొరపాటు కాదు. ఆ ముప్పై గంటలకు అలాంటి మనిషే కావాలి. "నన్ను క్లాసుకి వచ్చి నీ ఫెయిల్ బ్యాచ్ కథ చెప్పమంటవా?" అన్నాను. "రా అన్నా, సిగ్గుపడకపోతే" అంది.

వెళ్ళాను. గచ్చిబౌలిలో పని చూసుకుని లింగంపల్లి మీదుగా వెళ్తుంటే, సెంట్రల్ యూనివర్సిటీ ముందు నుంచి పోయే ఆ రోడ్డు పేరు ప్రొఫెసర్ సి.ఆర్. రావు రోడ్డు. ఆ క్యాంపస్‌లోనే ఆయన పేరున గణిత, గణాంక సంస్థ కూడా ఉంది. కొన్ని వందలసార్లు ఆ బోర్డు దాటాను, ఎవరో లీడరనుకునేవాణ్ణి చాలాకాలం. ఆయన 2023 ఆగస్టులో అమెరికాలో కన్నుమూశారు, నూట రెండేళ్ళ వయసులో. గణాంక శాస్త్రంలో అత్యున్నతమైన అంతర్జాతీయ బహుమతి ఆ ఏడాదే వచ్చింది.

అరవై మంది పిల్లలు, ముప్పావు వంతు ఆడపిల్లలు. బోర్డు మీద మొదటి రెండు వరుసలు రాసి, మూడోది మీరే కట్టండి అన్నాను. గడియారం లెక్క చెప్పాక ఐదు నిమిషాల్లో అందరూ కట్టారు. నా 92, 90, 91, 70 చెప్పి, తప్పెక్కడుందో పట్టుకోమంటే కాసేపు గుసగుసలు. వెనక బెంచీ పిల్లవాడొకడు, "సార్, డెబ్బై వచ్చిన కాడ రెండూ ఎక్కువున్నయ్ గదా, బలాన్నెందుకు అంటున్నరు?" అన్నాడు. నాకు బ్యాచ్ పోయాక తట్టిన మాట అది. చెల్లెలు నావైపు చూసి నవ్వు ఆపుకుంది.

బయల్దేరబోతుంటే ఈస్‌నాపూర్ నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచింది. ఆమె నోటుబుక్కులో నాలుగో వరుస కోసం గీసి కొట్టేసిన గీతలు పేజీ నిండా ఉన్నాయి. "మేడం, నాలుగు ట్రయల్స్‌కి మూడే వరుసలు వస్తున్నయ్. నాలుగోది ఎట్ల పెట్టినా ఏదో ఒకదానితోని చెడిపోతున్నది. అసలు పెట్టరాదా, నాకే వస్తలేదా?"

అది రావు గారి 1947 పత్రంలోని అసమానత. చెల్లెలు చాక్‌పీసు అందుకుని, బోర్డు పూర్తిగా తుడిచి, మొదటి గీత రాయడం మొదలుపెట్టింది. నేను వెనక బెంచీలో ఆ పిల్లవాడి పక్కన కూర్చున్నాను.